గీత కొస

రువీలో మా సెలూన్ గుమ్మం పక్క
మూరెడు గాజు గొట్టం.
లోపల ఎర్ర చార, నీలి చార
పొద్దంతా పైకి పాకుతుంటయి.
పదకొండేండ్లు చూసిన.
ఒక్కటన్న పైకి చేరిన జాడ లేదు.

అద్దంల కుడి చెంప ఎడమైతది,
పాపిట పక్క మారుతది,
చారలు మాత్రం అద్దంల కూడ పైకే.
నురగ బ్రష్షు చేతుల పట్టుకొని
చానాసార్లు అట్లనే నిలబడిపోయిన,
"భాయ్, గడ్డం" అని గిరాకీ యాది చేసేదాక.

కొత్తగ వచ్చిన పిలగాడు రాజమల్లు
గొట్టం తుడుసుకుంట తుడుసుకుంట
రెండు అరచేతులతోని మూసిండు,
నడుమ వేలెడు సందు ఇడిసి.
"అన్నా, జల్ది రా!
ఈడ ఎక్కుత లేవే. పక్కకు పోతున్నయి."

పోయి చూసిన. నిజమే.
వేలెడు సందుల చార నిమ్మలంగ జరుగుతుంది,
బ్యాంకు లైన్ల నిలబడ్డోని లెక్క.
చేతులు తీసిండు.
మళ్ళ ఎక్కుడే.

పక్క కండ్లద్దాల దుకాణం నౌషాద్
సగం హిందీల, సగం సైగల చెప్పిండు:
కంటెనక ఒక్కొక్క కణానిది
సూది బెజ్జమంత కిటికీ అంట.
అండ్లకెల్లి గీత పోతుంటే
పైకో, పక్కకో, ఏటవాలుకో
దానికి తెల్వదంట.
గీత పొడుగునా ఒక్కతీరే కదా,
ఏ ముక్కను గుర్తుపడతది?
కొస కావాలె.
కొస కనపడకుంటే అంచును అడుగుతది.
నిలువు అంచు పైకి అంటే పైకి,
అడ్డం అంచు పక్కకు అంటే పక్కకు.

"మరి అసలు?" అన్న.
మూత ఇప్పిండు.
లోపల చుట్టిన కాగితం,
ఉన్న కాడనే గుండ్రంగ తిరుగుతుంది.

తొంభై రియాళ్ళకు వచ్చిన. ఇప్పుడు నూట ఇరవై.
మంచం కిరాయి పది ఉండె. ఇప్పుడు నలభై.
ఎందుకో ఆ లెక్క యాదికొచ్చింది.
నౌషాద్‌కు చెప్పలే.

ఆ రాత్రి దుమ్ముగాలి.
పొద్దుగాల వచ్చేసరికి గొట్టం ఊడి
మెట్టు మీద పండుకుంది.
వైరు తెగలే, తిరుగుతనే ఉంది.
చారలిప్పుడు నేల పొంటి పోతున్నయి,
బస్టాండు దిక్కు, వడివడిగ,
ఏదో బస్సు అందుకోవాలన్నట్టు.
రాజమల్లు గొంతుకూసొని చూస్తుండు.
"యాడికి పోతున్నయే?"

"యాడికీ పోవురా. లేవట్టు."
నిలబెట్టి మొలలు కొట్టినం.
పండుకున్న గొట్టానికి గిరాకీ రాదు.

మొదటి కుర్చీల కూసున్న సెంట్రింగు మేస్త్రి
అద్దంలకెల్లి దాన్నే చూస్తుండు.
మెడ దించు, కత్తి తగులతదన్న.
"ఆగు," అన్నడు,
"ఆ నీలిది పైకి పోనీ."