వెనక చక్రం

కసుమూరు దర్గాకి పోయాడు జిలానీ,
షట్టరు మీద సుద్దముక్కతో 'సోమారం' అని రాసి.
ఇయ్యాల శుక్రవారం.
తెల్లారి అయిదుకి గ్రానైటు ఫ్యాక్టరీ గేటు కాడ
నలభై మందికి ఇడ్లీ, దోసె నావి.

చీమకుర్తి రోడ్డు సంగతి తెలిసిందేగా,
రాయి పెచ్చు దిగితే కత్తి దిగినట్టే.
నా ఎక్సెల్ వెనక టైరు అరిగి అరిగి
దారాలు బయటపెట్టి
'ఇంక నావల్ల గాదమ్మే' అంది.
ఒంగోల్లో కొన్న కొత్తది
మూణ్ణెల్లుగా మంచం కిందే ఉంది, బియ్యం బస్తాకి ఆనుకుని.

ఇరుసు నట్టుకి పానా పక్కింటిది.
గాలంతా తీశాక కూడా
టైరు అంచు రిమ్మును వదల్లేదు,
బడికి పోనని గుంజ పట్టుకున్న పిల్లలాగా.
ఎక్కి తొక్కాను. ఊహూఁ.
రుబ్బురోలు పొత్రం తెచ్చి అంచు మీద ఆనించి
గోడ పట్టుకుని దానిమీద నిలబడ్డాను.
నా అరవై రెండు కిలోలు మొదటిసారి పనికొచ్చాయి.
కిర్రుమని ఊడింది.

తర్వాత అట్లకాడ దూర్చాను. నవ్వబాకండి.
అది వంగింది, టైరు వంగలేదు.

అప్పుడు గుర్తొచ్చాయి
మా మరిది ఓబులేసు క్వారీ నుంచి తెచ్చిన
లారీ కమాను పట్టీ ముక్కలు రెండు,
పాలిష్ మిషను మీద అంచులు నున్నగా అరగదీసినవి.
కొబ్బరికాయలు కొడుతున్నా వాటితో ఇన్నాళ్ళూ.

గిన్నెల సబ్బు నురగ చుట్టూ పూసి
ఒకటి మోకాలి కింద తొక్కిపెట్టి
రెండోది జానెడు అవతల ఎత్తి
ఇంకో జానెడు, ఇంకో జానెడు.
కొత్త ట్యూబులో ముందే కాస్త గాలి పోయాలి,
లేకపోతే పట్టీ కొరికేస్తుంది దాన్ని.
ఎవరు చెప్పారంటారా?
పంక్చరు కోసం కూచున్నంతసేపూ
కళ్ళు ఊరికే ఉంటాయా!

సైకిలు పంపు.
నూట ముప్పై దాకా లెక్కపెట్టి మరిచిపోయా.
టప్.
ఒక పక్క.
చాలాసేపటికి, ఇంకో టప్.
'ఏం పగిలిందమ్మా' అంది పిల్ల నిద్దట్లో.
ఏం పగల్లేదు, పడుకో.

సోమవారం జిలానీ గేటు కాడ దోసె తింటా
బొటనవేలితో టైరు నొక్కాడు.
'గాలి బాగుందక్కా. బాణం చూశావా?'

టైరు పక్కన వేలంత బాణం.
వెనక్కి తిరిగి ఉంది.
మూడు రోజులు దానిమీదే
ముందుకు పోయాను నేను,
ఇడ్లీలు వేడిగానే అందాయి.

'ఆదివారం తిప్పుతాలే.'
'నేను తిప్పనా?'
'వద్దు.'

అట్లకాడ వంపు మాత్రం అట్టాగే ఉంది.
దోసె కిందకి ఇప్పుడే బాగా దూరుతోంది.