ఒకటో దెబ్బ ఖాళీ

సాన్ నికొలాస్ పేటలో నాది అచ్చు కొట్టు.
పెళ్ళి కార్డులు, రసీదు పుస్తకాలు, చావు కబుర్లు
వేసుకుంటూ బతుకుతున్నదాన్ని.
స్వరాలు అచ్చెయ్యడం ఇదే మొదలు.

ఎవెలియో మొస్కేరా కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది.
కాఫీ కప్పు సాసరు మీద టకటకలాడితే
"ఇంకేం, రేపట్నుంచి గిలకలు వాయిస్తా" అంటాడు.
ఆయన బేసు వాయించిన పదకొండు పాటల్ని
కాగితం మీదికి దించాలి
ఇర్లేసా అనే పద్నాలుగేళ్ళ పిల్ల కోసం.
ఆ పిల్లకి స్వరం చదవడం వచ్చు.
ఆయనకి రాదు.
మధ్యలో నేను, నాకంటే మధ్యలో
పెన్సిలు దూర్చి బిగించిన ఒక క్యాసెట్టు.

మూడు సాఫ్ట్‌వేర్లు దించుకున్నాను.

మొదటిది దొరసాని. నెలనెలా అద్దె.
తెరవగానే వయొలిన్లెన్ని, బాకాలెన్ని అని అడిగింది.
ఒక్క బేసే అన్నాను.
చిన్నబుచ్చుకుని
పేజీ అడుగున అయిదు గీతలు పడేసింది.

రెండోది నాలుగు తీగెలు గీసి
వాటి మీద అంకెలు పెడుతుంది,
ఏ మెట్టు మీద వేలు పెట్టాలో.
"ఇదైతే నాకూ అర్థమవుతోందే!" అని
ఎవెలియో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.
కాసేపటికి మొహం ముడిచాడు.
"నా బేసుకి మెట్లేవీ?"
నిజమే. నిలబెట్టి వాయించే బేసు,
నున్నటి మెడ.
ముప్పై ఏళ్ళు ఆయన వేళ్ళు
చీకట్లో మంచినీళ్ళ కుండ వెతుక్కున్నట్టు
స్వరాన్ని వెతుక్కున్నాయి.
దానికి అంకె ఎక్కడ తేను?

మూడోది ఉచితం. ఎవరో ఊరికే చేసి పెట్టారట.
నా పాత కంప్యూటర్లో ఆయాసపడుతూ లేస్తుంది,
గుర్తులన్నీ చీమలంత.

దొరసాని ఇంకో మాట కూడా చెప్పింది:
నువ్వు వినిపించు చాలు, నేనే రాసేస్తాను.
వినిపించాను.
ఇక్కడి బేసు ఒకటో దెబ్బ మీద కాలు పెట్టదు.
నాలుగు మీద పుట్టి, గీత దాటి
అవతలి గదిలోకి మోగుతూ పోతుంది.
కాలీలో ఒకటో దెబ్బ ఖాళీ.
ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు.
దొరసాని మాత్రం ప్రతి స్వరాన్నీ చెవి పట్టి లాక్కొచ్చి
ఒకటి మీద కూర్చోబెట్టింది.
ఎవెలియో కళ్ళు మూసుకుని విన్నాడు.
"సిపాయిల కవాతు ఇది.
దీనికి నడుమెవరు తిప్పుతారు?"

ఉచితం దాంట్లో నేనే ఒక్కొక్కటీ నాటాను.
ఒక మీట నొక్కితే
ఈ గదిలోంచి ఆ గదిలోకి సన్నటి వంపు,
పిట్టగోడ మీంచి చెయ్యందించినట్టు.
రాత్రి పదకొండుకి మూడు పాటలయ్యాయి.

నాలుగో పాట, ఇరవై మూడో గది.
టేపులో రెండు దెబ్బల మేర బేసు లేదు.
"ఇక్కడ అరిగిపోయిందా?"
ఆయన నవ్వాడు, చెయ్యి ఇంకాస్త వణికింది.
"హువాంచీతోలో వాయిస్తున్నాం.
నూబియా లోపలికొచ్చింది.
ఆకుపచ్చ గౌను. అంతే."

విరామం గుర్తు పెట్టబోతే వద్దన్నాడు.
"ఆగాలనుకుని ఆగితే అది విరామం.
నేను ఆగలేదు. మర్చిపోయాను."
దానికి గుర్తు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.
ఉచితం దాంట్లో మాత్రం
ఆ విరామాన్ని కనపడకుండా దాచెయ్యొచ్చు.
తెర మీద బూడిదరంగు నీడ, కాగితం మీద ఏమీ ఉండదు.
పైన మనకి తోచిన మాట రాసుకోవచ్చు.
రాశాను: నూబియా.
ఏది కొనాలన్న గొడవ అక్కడితో తీరింది.

శనివారం ఇర్లేసా వచ్చింది,
తనకంటే పొడుగున్న బేసుని భుజానికి ఆనించుకుని.
ఇరవై మూడో గది దగ్గర ఆగి
కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.
"నూబియా అంటే గట్టిగానా, మెల్లగానా?"

ఎవెలియో చాలాసేపు ఆలోచించాడు.
వీధిలో బండివాడు మూడుసార్లు అరిచాడు.
"కొంచెం ఆలస్యంగా" అన్నాడు.

ఇంకా ఏడు పాటలున్నాయి.
ఇంకు అయిపోవచ్చింది.