పైకి వెళ్ళే పేర్లు

తిబిలిసి నేల కింద
కదిలే మెట్ల పాదాల దగ్గర
ఒక అద్దాల గది. అందులో నేను.
ఉద్యోగానికి ఇది నాలుగో వారం.

పంతొమ్మిదేళ్ళు చేతి తొడుగులు కుట్టాను.
బొటనవేలు నా వంతు.
ఈ ఊళ్ళో సగం బొటనవేళ్ళు నావేనని
చెప్పుకు తిరిగేదాన్ని.
ఫ్యాక్టరీ మూసేశాక
చేతులు ఒళ్ళో పెట్టుకుని
చూడటమే పనైంది.
నిన్న మెట్ల పట్టీ మీద ఒక తోలు బొటనవేలు
కుట్టు ఊడి, నోరు తెరుచుకుని పైకి పోయింది.
నాది కాదు.

నిబంధనల కాగితం అద్దానికి అతికించి ఉంది:
నిద్రపోరాదు. ఊలు అల్లరాదు. చదవరాదు.
"మరి ఆలోచించొచ్చా?" అని అడిగితే
సూపర్‌వైజర్ గురామ్
కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందిదాకా చూసి
"దాని గురించి ఏమీ రాయలేదు" అన్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు,
మొదటి వారం నేను రెప్ప వెయ్యలేదు.
వేలాడే మఫ్లరు, పొడుగు కోటు అంచు,
ఎవరిదో కుక్కపిల్ల పాదం,
ఎర్ర బొత్తాం మీద చెయ్యి తియ్యకుండా కాచాను.
ఇంటికెళ్ళి కళ్ళు మూస్తే
రెప్పల వెనక కూడా మెట్లు.
పరుపు పైకి పోతున్నట్టుంటే
అంచు పట్టుకుని పడుకున్నాను.

ఆ ఆదివారమే, వంతెన మీది పాత సామాన్ల సంతలో
కిలో లెక్కన ఒక నవల కొన్నాను.
అట్ట లేదు, పేరు లేదు,
మొదటి ముప్ఫై పేజీలు లేవు.
ముప్ఫై ఒకటో పేజీలో ఒకావిడ
అప్పటికే ఏడుస్తోంది.
ఎందుకో తెలీదు.
కొత్త కొలువూ అంతే,
అందరికీ తెలిసిన కథ నడిమధ్యకి
తలుపు తోసుకుని వచ్చిపడ్డాను.
విశ్రాంతి గదిలో నాజిబ్రోలా, త్సియాలా
పదేళ్ళ కిందటి జోకుకి పడీ పడీ నవ్వుతారు.
నేనూ నవ్వుతాను
ముప్ఫై పేజీలు వెనకబడి.

రోజుకి పది పేజీలు,
స్టవ్ మీద చిక్కుళ్ళు ఉడికేంత సేపు.
చిక్కుళ్ళు మాడిన రోజు ఇరవై రెండు.
ఆవిడ ఏడుపు ఇంకా ఆగలేదు గానీ
కారణాలు నేనే కత్తిరించి
కుట్టి పెట్టడం అలవాటైంది.

శనివారం రాత్రి సినిమా.
పక్కింటి జుజునా తన కుర్చీ తనే మోసుకొస్తుంది,
చంకలో ఆల్‌బుకరా పచ్చడి సీసా.
ఏ సినిమా అయినా తను ముందే చూసే ఉంటుంది.
"వీడు చచ్చిపోతాడు," అంటుంది మొదలవకముందే,
"గుర్రం మాత్రం బతుకుతుంది."
ఇంతా చెప్పి అరగంటకల్లా గురక.
గుర్రం చచ్చిపోతుంది.
వాడు బతుకుతాడు.
నేను లేపి చెప్పను.

ఇదివరకైతే కథ అవగానే టీవీ కట్టేసేదాన్ని.
ఇప్పుడు చెయ్యి రాదు.
నల్లటి తెర మీద పేర్లు
అడుగున పుట్టి పైకి పోతుంటాయి,
అచ్చం మా మెట్ల నడకే.
లైట్లు మోసినవాళ్ళు, టీ కాచినవాడు,
గుర్రాన్ని సాకిన మనిషి
(అయితే అది నిజంగా చావలేదన్నమాట),
ఒక్కొక్కరినీ పైకంటా
కళ్ళతోనే సాగనంపుతాను.
ఎవరూ తూలి పడలేదు.
ఆ రాత్రి పరుపు కదల్లేదు.

సోమవారం, తడి గొడుగుల రద్దీలో
ఒక పిల్ల చదువుకుంటూ దిగుతోంది,
కాళ్ళవైపు చూడకుండా.
మైకు అందుకున్నాను.
పుస్తకం మూసి జాగ్రత్తగా దిగండి, అనాలి.
పేజీ చివరికొచ్చినట్టుంది, పెదవులు ఆడుతున్నాయి.
ఒక్క క్షణం ఆగుదామనుకున్నాను,
ఇంకొక్క క్షణం.
ఒక చెయ్యి ఎర్ర బొత్తాం మీదే ఉంది.
ఆఖరి మెట్టు దగ్గర
చూడకుండానే పాదం ఎత్తి, నేల మీద పెట్టి,
పేజీ తిప్పింది.

పేరు కనిపించలేదు.
ఎడమచేతి కింద పలచగా
ఓ పాతిక ముప్ఫై పేజీలు, అంతే.
మొదట్లోనే ఉంది.