కాటా గుమాస్తా సందేహాలు

ముప్ఫై ఒక్క ఏళ్ళు
గుంటూరు యార్డులో కాటా పక్కనే కూర్చున్నాను.
టిక్కీ మూతి విప్పకముందే
తుమ్మొచ్చే తీరును బట్టి చెప్పేవాణ్ణి,
ఇది తేజ, ఇది బాడిగ,
ఇది అడుగున తాలు పోసి పైన మెరుపు పేర్చిన సరుకు.
గుప్పిట్లో గలగలమనిపిస్తే చాలు
ఎండెంతో తేమెంతో తేలిపోయేది.
మిరపకాయ గురించి
ఇంక తెలుసుకునేదేముంది అనుకున్నాను.
అడగాలని కూడా తోచేది కాదు.

పోయిన మాఘంలో
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ పక్కన
పరీక్షల గది ఒకటి తెరిచారు.
అందులో చేరిన పిల్ల రెహానా,
హమాలీ మస్తాన్‌వలీ కూతురు,
నమూనా కాయల కోసం వచ్చి
నా బల్ల మీదే ఒకదాన్ని బ్లేడుతో నిలువునా చీల్చింది.
'కారం ఎక్కడుంటది బాబాయ్?'

నవ్వొచ్చింది. గింజలో, అన్నాను.
మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది,
ఊరగాయ పట్టిన ప్రతి ఇల్లూ చెప్పింది.
'కాదు. గింజలు పట్టుకు వేలాడే ఈ తెల్లపొర చూడు,
ఇందులో. గింజది అరువు కారం.'

అరువు కారం!
ఆ రాత్రి కంచంలో పచ్చడిని
చుట్టమని తెలియక ఇన్నాళ్ళూ
గుమ్మంలోనే నిలబెట్టిన మనిషిని చూసినట్టు చూశాను.

ఇక ఆ పిల్లని వదల్లేదు.
టీ ఇప్పించి మరీ అడిగేవాణ్ణి.
కారం అసలు రుచే కాదట.
తీపీ పులుపూ కూర్చున్న పంక్తిలో
దానికి విస్తరి వెయ్యరట.
వేడిని కనిపెట్టే తలుపొకటి నాలుక మీద ఉంటే
దాన్ని దొంగతాళంతో తీస్తుందట.
నిప్పు లేదు, సెగ లేదు,
ఒళ్ళు మాత్రం కాలిపోతున్నానని కేకలు.
మరి అంత అబద్ధానికి
ఈ చెమట, ఈ కన్నీళ్ళు
నిజంవి ఎలా వస్తాయమ్మా?
'చదివి చెప్తా' అంది.
ఇంకా చెప్పలేదు.

పిట్టలకి ఆ తాళం పట్టదట.
చేలో పండు మిరపని
బెల్లంముక్కలా మింగే పికిలిపిట్టల్ని
చిన్నప్పుడు రేకుడబ్బా కొట్టి తోలేవాణ్ణి.
ఎవరి కోసం ఎర్రబడిందో ఆ కాయ!
గింజని నమలకుండా
దూరం మోసే రెక్కల కోసమేనేమో.
డబ్బా పట్టుకున్న దొంగని నేనేనేమో.

తర్వాత చెప్పినదానికి నిద్ర పోయింది.
ఈ కాయ మన నేలది కాదట,
ఓడెక్కి వచ్చిందట,
నాలుగైదు వందల ఏళ్ళ కిందటి మాటట.
అయితే అంతకుముందు
మా వైపు ముసలమ్మలు గోంగూరలో ఏం నూరారు?
మిరియాలు, అంది.
మిరియం పేరే మిరపకి తగులుకుందేమో, అని కూడా అంది.
పేరూ అరువే!
మిరప లేని గుంటూరును ఊహించబోయి
అరండల్‌పేట మలుపులో సైకిలాపి నిలబడిపోయాను.
వెనక ఆటోవాడు తిట్టాడు.
ఆ తిట్టు నిండా కారమే.

కాటాకి నువ్వు పనికిరాకుండా పోతున్నావంటాడు షావుకారు.
నిజమే. తూకం రాయమంటే
కాయని వెలుగుకెత్తి తిప్పుతుంటాను.
నిన్న, ఊరికే, నోట్లోంచి జారిపడింది,
ముచ్చికలు తీసే సామ్రాజ్యమ్మని అడిగాను:
'ఇన్నేళ్ళుగా ఇదే పని, నీ వేళ్ళకి అలవాటైపోయిందా?
మండవెందుకు?'

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని
కాసేపు వాటికేసి చూసింది.
'మండుతాయి గుమాస్తా గారూ. రాత్రిళ్ళు.
ఎవరూ అడగలా.'

నాకూ ఆమెకీ మధ్య
ఆరడుగుల నేల, ఒక కాటా.
ఆ కాటా మీద ఎన్ని లక్షల టిక్కీలు తూచానో.

రెహానాని అడగాల్సినవి
పాత వేబిల్లు వెనక వరసగా రాసుకుంటున్నాను.
కన్నీళ్ళ సంగతి ఉంది, పికిలిపిట్ట ఉంది,
ఓడలో మొదటి గింజ ఎవరి జేబులో వచ్చిందో అదీ ఉంది.
అన్నిటికీ పైన, కాగితం అంచులో ఇరికించి,
సామ్రాజ్యమ్మ వేళ్ళకి
రాత్రి పడుకోబోయే ముందు
ఏం రాయాలి?