పద్నాలుగో జవాబు

ఆయితారం పూజ అయినంక
గుడి ఎనక రేకుల షెడ్డుల
పదకొండు మంది పిల్లలు, ఒక నల్లబోర్డు,
మిల్లు జోజిరెడ్డి పేరు రాసున్న రెండు ఫ్యాన్లు.
ఆరు రోజులు నేను మిర్యాలగూడ డిపో కండక్టర్ను,
ఏడో రోజు జ్ఞానోపదేశం సారును.

ఎలక్షన్లకు ఇంక తొమ్మిది రోజులే.
మైకు ఆటో మా పాఠం మీద నుంచే పోయింది,
మళ్లా తిరిగొచ్చింది.
"సార్, ఓటుకు పైసలు తీసుకుంటే పాపమా?"
అడిగింది తెరేజ, రాయప్ప బిడ్డ, ఆరో తరగతి.
మనస్సాక్షి అమ్ముకునే సరుకు కాదు అన్న.
ఆడికి ఆగాలె.
ఆగలే.
ఫలానా గుర్తుకు ఓటేసేటోడు
క్రైస్తవుడే కాదు పొమ్మన్న.
ఒక్కసారి ఫ్యాన్ల చప్పుడు వినపడ్డది.
పదకొండు పెన్నులు గరగర కదిలినయి.

మంగళారం హాలియాల రాయప్ప బస్సెక్కిండు.
మెడల అదే గుర్తు కండువ.
"యాడికి?"
"నరకానికి ఒకటి కొట్టు ఇన్నయ్యా,
రేటు నీకే ఎరుకనట గద!"
బస్సంత నవ్వింది.
నేను దేవరకొండకు కొట్టిచ్చిన.
చిల్లర లెక్క రెండుసార్లు తప్పింది.
దిగేటప్పుడు చెవి కాడ మెల్లగ అన్నడు:
"పిల్ల రాత్రి జపమాల పట్టుకొని
నా గురించి ఏడ్చింది."

ఇరవై ఆరేండ్ల సర్వీసు.
టికెట్ రేటు నేను పెట్టింది కాదు,
పై నుంచి వచ్చిన పట్టీ.
రోడ్డు మీది గుంతలను తిడత, సర్కారును తిడత,
ఎండకాలం సూర్యుణ్ణి గూడ తిడత.
ఆ తిట్టును ఎన్నడన్న
టికెట్ మీద అచ్చుగొట్టి ఇచ్చిన్నా?

శనివారం పాపసంకీర్తనంల చెప్పుకున్న.
ఫాదర్ శానసేపు ఏమనలే.
"నాకు చెప్పితివి, సరే.
పిల్లలకు ఎప్పుడు చెప్తవు?" అన్నడు.

ఆయితారం తెరేజ నోటుబుక్కు అడిగి తీసుకున్న.
పన్నెండు: దివ్యసంస్కారములు ఎన్ని? ఏడు.
పదమూడు: దివ్యసత్ప్రసాదమున ఎవరున్నారు? క్రీస్తు ప్రభువు.
పద్నాలుగు:
గుండ్రటి అక్షరాలు, కింద స్కేలుతో గీత,
నేను వాగిన మాట పొల్లు పోకుంట.
క్రీస్తు ప్రభువుకు, నా కోపానికి
ఒక్కటే నీలి సిరా.

"ఇది తిరుసభ మాట కాదు పిల్లలూ, ఇన్నయ్య మాట.
ఇన్నయ్యంటే ఓటరు లిస్టుల ఒక నంబరు,
మీ నాయిన ఇంకో నంబరు.
ఏ గుర్తో ఆయన ఆలోచించుకోవాలె,
ఆయన మనస్సాక్షి కాడ నాకు సీటు లేదు.
కొట్టెయ్యండి."

"పెన్నుతోటి రాసిన సార్, పోదు" అంది తెరేజ.
"పోనియ్యకు బిడ్డా, అడ్డగీత గీయి.
సారు తప్పు చెప్పిండని
ఎనక చదివేటోళ్లకు కనపడాలె."

అప్పుడు గుమ్మం కాడ దగ్గు వినిపించింది.
జోజిరెడ్డి.
ఫ్యాన్లు తిరుగుతున్నయో లేదో చూసిపోదామని వచ్చిండట.
బోర్డు మీద ఆనాటి పాఠం, పదిహేనో జవాబు:
కూలివాని కూలి ఎగ్గొట్టుట
ఆకాశమునకు మొరపెట్టు పాపము.
ఆయన మిల్లుల హమాలీలకు మూడు నెలల బాకీ,
షెడ్డుల ఉన్న పదకొండు మందిల
నలుగురి నాయినలు ఆ హమాలీలే.
"మంచి పని జేసినవు ఇన్నయ్యా,
పిల్లలకు రాజకీయాలెందుకు?
గా పదిహేను గూడ కొట్టేపియ్యి" అన్నడు నవ్వుకుంట.

ఫ్యాను దిక్కు చూసిన.
రెక్క మీద ఆయన పేరు తిరుగుతుంటే
ఒక్క అక్షరం చదవరాలే.

"అది నాది కాదయ్యా.
నాదే అయితే
మీకోసం ఎప్పుడో కొట్టేస్తుంటి."

ఎవ్వరు పెన్ను కదపలే.
ఫ్యాన్లయితే తిరుగుతనే ఉన్నయి.
వచ్చే ఆయితారం సంగతి తెల్వదు.