తరుగు

ఎలూలు నెల ఒడ్వనీకి ఇంక నాలుగొద్దులే.
నాయిన కొమ్ము ఊదిండు,
కురుమ మల్కయ్య ఇచ్చిన పొట్టేలు కొమ్ము;
సగం కూత, సగం దగ్గు.
మిర్యాలగూడ మిల్లుల సప్పుడుల
ఎవరికి ఇనవడ్డదో పైనోనికే ఎరుక.

నేను కాంటా కాడ రాసేటోణ్ణి.
యాసంగిల బస్తాకు కిలోన్నర తరుగు.
తాలు అని రాసిన, తేమ అని రాసిన.
సేటు చెప్పిండు. పెన్ను నాది.

దేవునికి చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తడు,
సైదమ్మకు చేసింది
సైదమ్మనే చెయ్యాలె, అన్నడు నాయిన.

సైకిలేసుకోని ఆలగడప పోయిన.
మోకాలిమంటి బురదల కలుపు తీస్తున్నది.
చెప్పిన: నలభై బస్తాలు, అరవై కిలోలు.
నడుం నిలవెట్టి సూసింది.
"గా లెక్క నాకప్పుడే ఎరుక బిడ్డా,
తలకాయ ఎత్తకుంట రాస్తివి గద."

మాఫ్ చేసిన అనలే. చెయ్య అనలే.
ఒడ్డుమీది సీతాఫలాలు రెండు
నా సంచిల ఏసింది,
ఇంకా కండ్లు సరిగ తెరువనియి.
"బియ్యంల పెట్టు. పండినంక రా."

రేపు పొద్దుగూకంగ మా యూదుల కొత్త సాలు.
పైన పుస్తకం తెరుస్తరు.
బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి
ఒత్తి సూస్తున్న.
ఇంకా గట్టిగనే ఉన్నయి.