స్టాండేసిన చక్రం

చిత్తూరు కోర్టు గోడ వారన
పీరాన్ సాయిబు సైకిలుకి
పసుప్పచ్చ బేడీ వేసి పోయినారు.

అప్పటికి స్టాండేసి తొక్కుతానే ఉన్నాడు.
కసాయి రఫీ కత్తి సానరాయి మీద
సగం తెల్లబడింది,
సగం ఇంకా నల్లగానే ఉంది.

పక్కన తెల్లకారుకీ అదే బేడీ.
కారాయన దిగలా.
అద్దం మూడువేళ్ళంత దించి, ఫోను చూపించి,
టింగుమనంగానే వెళ్ళిపోయినాడు.

సాయిబు నా బల్ల కాడికొచ్చినాడు.
ముప్పై ఏండ్లుగా అర్జీలు రాస్తా ఉండా,
ఇట్లాంటి అనుమానం ఎవురూ అడగలా:
"సామీ, నా బండి నిలబడినట్టా, నడస్తా ఉన్నట్టా?
నిలబడుంటే చక్రం ఎట్ల తిరిగె?
నడస్తా ఉంటే, ఆపినందుకు జుల్మానా ఏంది?"

రాసినా.
బేడీ వేసే అధికారం కాంట్రాక్టరుకి
ఏ సెక్షను ఇచ్చిందని అడిగినా.
నో పార్కింగ్ బోర్డు
మామిడి మండీ ఫ్లెక్సీ వెనకాల దాక్కుందని రాసినా.
కారుకీ సైకిలుకీ ఒకటే రేటా అన్న చోట
పెన్ను గట్టిగా ఒత్తినట్టుంది,
కింది కాయితం మీద కూడా అచ్చు పడింది.

ఇంతలో బేడీలేసిన పిల్లోడే తిరిగొచ్చినాడు.
చేతిలో రసీదు పుస్తకం లేదు,
గోనెగుడ్డలో చుట్టిన కత్తిపీట.
"మాయమ్మ పంపింది.
ఎండుచేప కూడా తెగడం లేదంట."

సాయిబు ఏమీ అనలా.
చక్రం వైపు చూసినాడు.
పిల్లోడూ చూసినాడు.
జేబులో తాళంచెవులు గలగలమన్నాయి.

అర్జీ కింద సంతకం చోటు ఖాళీగానే ఉంది.
నేను డ్రాయరు లాగి
పెన్సిళ్ళు చెక్కే నా మొండిచాకు కోసం
తడుముకుంటా ఉండా.